తీగ తీశాక వచ్చిన జవాబు

తొమ్మిదీ పదికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన టెస్టర్, తొమ్మిదిన్నరకి దిగేసరికి రాబట్టగలిగింది రెండే రెండు మాటలు. మొదటిది ఆరు రోజులుగా అందరూ వింటున్నదే. "తప్పు నాదే సార్, రాసేసుకోండి." రెండోది కొత్తదే గానీ, దాన్ని అతను అప్పుడు సరిగ్గా పట్టించుకోలేదు. అందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకున్నాడు.

టెస్టర్ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. డిటెక్టివ్ కాకముందు అతను పద్దెనిమిదేళ్లు ఫ్యాక్టరీల్లో మీటర్లు బాగుచేశాడు. ఆ పని మానేశాడు గానీ, చొక్కా జేబులో కరెంటు చూసే టెస్టర్ పెట్టుకోవడం మానలేదు. పెళ్లికి వెళ్లినా అది జేబులోనే. మనుషుల మొహం చూసి అబద్ధం కనిపెట్టలేని మా ఆయన ఇనప పెట్టెల చేత మాత్రం నిజం కక్కిస్తాడని వాళ్లావిడ ఇరుగుపొరుగుతో అంటుంటుంది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

లాకప్‌లో ఉన్నాయన రబ్బరు గొట్టాల ఫ్యాక్టరీలో ఆపరేటర్. అక్కడ పచ్చి గొట్టాలను ఒక పెద్ద ఇనప పాత్రలో పెట్టి, తలుపు బిగించి, ఆవిరితో ఉడికిస్తారు. మనిషి తల వంచకుండా లోపలికి నడిచిపోవచ్చు. కాగితాల మీద దానికి ఏదో పెద్ద పేరుంది, పనివాళ్లకి మాత్రం అది కుండ. లోపల ఆవిరి ఉందో పోయిందో చూసి చెప్పడం ఆపరేటర్ పని. చెప్పాక తలుపు తీయడం పక్కనుండే మనిషి పని. ఆ మనిషిని అందరూ గొళ్ళెం అనేవాళ్లు. పోయిన గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఎనిమిదికి ఆపరేటర్ తన ముందున్న టచ్‌స్క్రీన్ చూసి, "సున్నా ఉంది, తియ్యి" అన్నాడు. గొళ్ళెం తలుపు తీశాడు. లోపల మూడు కేజీల ఒత్తిడితో ఆవిరి ఉంది. ఇరవై ఆరేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషిని ఆపరేటర్ ఆ ఆవిరిలోకి చేతులు పెట్టి బయటికి లాగాడు. అప్పటికే ప్రాణం లేదు. ఆపరేటర్ చేతులకి ఇంకా కట్లున్నాయి, ఆస్పత్రి నుంచి నిన్న సాయంత్రమే లాకప్‌కి తెచ్చారు.

టెస్టర్‌ని ఈ కేసులోకి లాగింది ఆపరేటర్ కూతురు. తల్లి లేని పిల్ల, ఒక్కతే సంతానం. అదే ఫ్యాక్టరీలో పైగదిలో, ప్లానింగు సెక్షన్‌లో పనిచేస్తుంది. సోమవారం పొద్దున వచ్చి ఏడవకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. రోజూ ఒంటిగంటకి తనూ, తండ్రీ, గొళ్ళెమూ ముగ్గురూ కలిసి కుండ పక్కన బెంచీ మీద భోంచేస్తారట. ఈమధ్య రెండు రోజులు, యంత్రాలను నడిపే కంట్రోలర్లకి ప్రోగ్రాములు రాసే పరీక్షకి వెళ్లింది, అంతే తప్ప ఒక్కపూట తప్పలేదట. ఆ పరీక్ష రాయమని పట్టుబట్టింది తండ్రేనట. ఇంకో పేపరు మిగిలి ఉందట. చిన్నప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఫ్యాక్టరీ అంతా తిప్పింది గొళ్ళెం బాబాయేనట.

"నాన్న చూడకుండా తియ్యమనే మనిషి కాదు సార్," అందామె చివరికి. "ఆ స్క్రీనే ఏదో చేసింది. లేదా దాన్ని ఎవరో ఏదో చేశారు. వాళ్లు ఎవరైనా సరే, మొహమాటపడకండి."

ఎవరైనా వదలనమ్మా అని టెస్టర్ మాటిచ్చాడు. మాట ఇవ్వడం అతనికి పెద్ద పని కాదు, నిలబెట్టుకోవడం కూడా.

ఇంతకీ లాకప్‌లో విన్న రెండో మాట. టెస్టర్ లేవబోతుంటే ఆపరేటర్ తలెత్తి, మా అమ్మాయి డ్యూటీకి వెళ్తోందా అని అడిగాడు. ప్రమాదం జరిగినప్పట్నుంచీ ఆమె సెలవులోనే ఉంది, కానీ ఆమె వెంట లేకపోతే గేటు దగ్గర తనని ఆపేస్తారు కాబట్టి ఇవాళ తనే రమ్మన్నానని టెస్టర్ చెప్పాడు. ఆ మాటకి ఆపరేటర్ కట్లున్న చేతులతోనే ఊచలు పట్టుకున్నాడు.

"పంపకండి సార్. సెలవు పెట్టమనండి. అసలా ఉద్యోగమే మానెయ్యమనండి."

నలుగురూ నాలుగు మాటలంటారని కాబోలు, తండ్రి మనసు అనుకుని టెస్టర్ అక్కడికి ఊరుకున్నాడు.

*

పన్నెండూ ఇరవైకి ఫ్యాక్టరీ గేటు దాటారు. అమ్మాయి టెస్టర్‌ని కుండ దాకా తీసుకొచ్చి, ఆ తలుపు వైపు చూడకుండా మెట్లెక్కి పైగదికి వెళ్లిపోయింది. కుండ దగ్గర ఇన్‌స్పెక్టర్ ముందే కాచుకుని ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కీ టెస్టర్‌కీ ఉప్పూ నిప్పూ. రెండేళ్ల కిందట ఇన్‌స్పెక్టర్ కట్టేసిన ఫైలు ఒకటి టెస్టర్ విప్పించాడు. అది పేపర్లో పడింది. పేపర్లో ఇన్‌స్పెక్టర్ ఫొటో కళ్లు మూసుకుని ఉన్నది వేశారు. ఆ ఫొటో సంగతి ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆయన చంకలో ఫైలుంది. ఒప్పుకోలు కాగితం మీద ఆపరేటర్ సంతకం ఉంది. కట్ల వల్ల వంకరగా ఉన్నా సంతకం సంతకమే. సాయంత్రం అయిదుకి కోర్టులో హాజరు పరచాలి. అంతకుముందే, మూడింటికి, కంపెనీ టెక్నీషియన్ వచ్చి పాత స్క్రీన్ పీకేసి కొత్తది బిగిస్తాడు. సోమవారం నుంచి కుండ మళ్లీ వెలిగించాలని మేనేజర్ పట్టుదల. ఇదంతా ఇన్‌స్పెక్టర్ తాపీగా చెప్పి, చివర్న ఒక కాగితం తీసి టెస్టర్ చేతిలో పెట్టాడు.

"చదువుకోండి. శుక్రవారం నుంచి నిన్నటిదాకా టెక్నీషియన్ దీన్ని పొద్దుగూకులూ ఆడించాడు. ఒక్కసారి కూడా స్క్రీన్ తప్పు చూపలేదు. ఒక్కసారి కూడా కనెక్షన్ పోలేదు. స్క్రీన్ మంచిదే. మనిషే చూడలేదు. ఆ మనిషే ఒప్పుకున్నాడు. ఇక మీరు ఎవర్ని విచారిస్తారు టెస్టర్ గారూ, కుండనా?"

"ముందు ఫోర్‌మన్‌ని," అన్నాడు టెస్టర్. "కుండ సంగతి తర్వాత."

ఫోర్‌మన్ పొట్టి మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. టెస్టర్ మొదట స్క్రీన్ గురించి అడగలేదు, తలుపు గురించి అడిగాడు. లోపల ఆవిరి ఉండగా తలుపు తెరుచుకోకుండా అయస్కాంతం గడియ ఒకటి ఉండాలిగా, అదేం చేస్తోంది? ఫోర్‌మన్ నీళ్లు నమిలాడు. ఆ గడియ ఏడు నెలలుగా ఇరుక్కుపోతోందట. ఆవిరి పోయినా వదలదట. అందుకని దాన్ని పక్కకి తప్పించే తాళంచెవి ఒకటి చేయించి మేకుకి తగిలించారట. స్క్రీన్ మీద సున్నా కనబడితే తాళంచెవి తిప్పమని పైవాళ్ల మాట. ఎక్కడా రాసి ఇవ్వలేదు.

మరి తలుపు మీద ముల్లున్న మీటరు ఉండాలి, దాని చోట చెక్క బిరడా ఉందేంటని అడిగాడు టెస్టర్. పరీక్షకి పంపారట, నాలుగు నెలలైంది, తిరిగి రాలేదు. స్క్రీన్ ఉంది కదా అని ఎవరూ అడగలేదు.

"ఆ స్క్రీన్ ఎప్పుడైనా మొరాయించేదా?"

ఫోర్‌మన్ ఇన్‌స్పెక్టర్ వైపు ఓరగా చూశాడు. ఈమధ్య అప్పుడప్పుడూ, అన్నాడు. స్క్రీన్ అంటే వట్టి కిటికీ లాంటిదని, లెక్కలన్నీ వేసేది గోడ పెట్టెలో ఉన్న కంట్రోలర్ అని, ఆ రెంటినీ ఒక నీలం తీగ కలుపుతుందని టెస్టర్‌కి తెలిసినదే మళ్లీ చెప్పాడు. స్క్రీన్ మీద 'కంట్రోలర్‌తో సంబంధం లేదు' అని వచ్చినప్పుడు పని ఆపడానికి వీల్లేదు. రిపేరుకి కబురు పెడితే రెండు గంటలు పోతాయి, లోపలి గొట్టాలు మాడిపోతాయి. అందుకని నీలం తీగ పీకి, పది లెక్కపెట్టి, మళ్లీ గుచ్చేవాళ్లు. స్క్రీన్ లేచి కూర్చునేది. ఈ చిట్కా కనిపెట్టింది ఎవరంటే ఎవరికీ తెలియదు, అందరూ చేస్తారు.

"గురువారం?"

"పది లెక్కపెట్టడం విన్నాను సార్. పెద్దాయన పైకే లెక్కపెడతాడు. తర్వాత సున్నా అన్నాడు."

ఇది విచారణలో ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు ఫోర్‌మన్. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

*

టెస్టర్ గోడ పెట్టె దగ్గరికి వెళ్లి జేబులోని టెస్టర్‌తో తాళం తిప్పి తలుపు తెరిచాడు. లోపల కంట్రోలర్, దాని కింద తీగలన్నీ వచ్చి కలిసే చిన్న నెట్‌వర్క్ పెట్టె. ఆ పెట్టెకి ఎనిమిది రంధ్రాలు, ఎనిమిదింటిలోనూ తీగలు. అతను వాటి వైపు చూడలేదు. గోడ పెట్టె తలుపు లోపలి వైపు చూశాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకి ఇది తెలిసిన అలవాటే. పైవాళ్ల రిజిస్టరులో రాస్తే సంజాయిషీ అడుగుతారు, అందుకని చెప్పుకోవాల్సిన సంగతులన్నీ పెట్టె తలుపు వెనక పెన్సిల్‌తో రాసుకుంటారు. తర్వాత తలుపు తీసేవాడు మనవాడే అయ్యుంటాడని నమ్మకం.

రాసి ఉంది. గుండ్రటి, ఓపికైన చేతిరాత. మూడు వారాల తేదీలు, ఒక్కో తేదీ పక్కన ఒక్కో టైము. మొత్తం పదహారు వరసలు. ఒంటిగంటా నలభై. ఒంటిగంటా ముప్పై ఎనిమిది. నలభై నాలుగు. నలభై ఒకటి. అన్నీ ఒంటిగంటన్నర దాటాక, రెండు కాకముందే. చివరి వరస పోయిన గురువారం, ఒంటిగంటా నలభై ఆరు. తీగ పీకి గుచ్చిన రెండు నిమిషాలకి తలుపు తెరిచారన్నమాట.

టెస్టర్ గుండె కాస్త తేలికపడింది. ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి చూపించాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పదహారు వరసలూ చదివాడు, మళ్లీ కళ్లజోడు తీశాడు.

"మంచి సాక్ష్యమే. ఎవరికో తెలుసా? నాకు," అన్నాడు. "స్క్రీన్ నమ్మదగింది కాదని మీ ఆపరేటర్‌కి మూడు వారాలుగా తెలుసు. తెలిసీ, రాసుకునీ, దాన్నే నమ్మి మనిషిని తలుపు దగ్గరికి పంపాడు. ఇప్పటిదాకా అజాగ్రత్త అనుకున్నాను. ఇది అంతకంటే పెద్దది."

ఆ మాట తప్పని అనడానికి లేదు.

"నేను మాట మీద నిలబడే మనిషిని," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మళ్లీ. "ఆ రోజు ఆ స్క్రీన్ అబద్ధం చెప్పిందని మూడులోపు నా కళ్లకి చూపించండి. ఈ ఒప్పుకోలు నేనే చించేస్తాను. కానీ ఆ అబద్ధం వెనక ఎవరున్నా వాళ్లని తీసుకెళ్తాను. మళ్లీ జాలి కబుర్లు చెప్పకూడదు."

"చెప్పను," అన్నాడు టెస్టర్.

అప్పటికి ఒంటిగంటా అయిదు. టెస్టర్ బిరడా పీకి తను తెచ్చుకున్న ముల్లు మీటరు తలుపు మీద బిగించాడు. తలుపు మూయించి, తాళంచెవి ఇన్‌స్పెక్టర్ జేబులో వేయించి, కుండలోకి ఆవిరి ఎక్కించమని ఫోర్‌మన్‌ని అడిగాడు. ముల్లు మూడు దగ్గర ఆగింది. స్క్రీన్ మీద కూడా మూడే. ఆవిరి వాల్వు మూసేశారు. ఇక చూస్తూ కూర్చోవడమే.

కూర్చున్నాడు గానీ బుర్ర కూర్చోలేదు. తీగ తెగిందా అంటే, తెగిన తీగ రోజంతా బాధిస్తుంది, గడియారం చూసుకుని బాధించదు. పెద్ద మోటారేదైనా ఆ టైముకి మొదలవుతుందా అంటే, మోటార్లన్నీ పొద్దున ఏడుకి మొదలై సాయంత్రం ఆగుతాయి. భోజనాల బెల్లు ఒంటిగంటకి, పనిలోకి బెల్లు ఒంటిగంటన్నరకి. అంటే భోంచేసి తిరిగొచ్చిన మనిషి ఎవరో, పదిహేను నిమిషాల్లో ఏదో చేస్తున్నారు. మరి టెక్నీషియన్ పరీక్షించిన రోజుల్లో ఎందుకు చేయలేదు? భయపడి ఆపేశారా? అదే నిజమైతే ఇవాళా ఏమీ జరగదు. మూడవుతుంది, స్క్రీన్ పీకేస్తారు, అయిదుకి ఆ కట్ల చేతుల మనిషిని వ్యాను ఎక్కిస్తారు. పైగదిలో ఉన్న అమ్మాయికి ఏం చెప్పాలో టెస్టర్‌కి తోచలేదు.

ఒంటిగంటా ఇరవై అయిదు. ముప్పై. బెల్లు మోగింది. ముప్పై అయిదు. ఇన్‌స్పెక్టర్ ఆవులించాడు.

ఒంటిగంటా నలభై ఒకటికి స్క్రీన్ మధ్యలో ఎర్రపెట్టె తెరుచుకుంది. కంట్రోలర్‌తో సంబంధం లేదు.

ఆవులింత సగంలో ఆగింది. టెస్టర్ లేచి స్క్రీన్ వెనక నీలం తీగ పీకాడు. ఆపరేటర్ లాగే పైకి లెక్కపెట్టాడు. పది అనగానే గుచ్చాడు. ఎర్రపెట్టె మాయమైంది. స్క్రీన్ మామూలుగా నవ్వుతున్నట్టు లేచింది. ఒత్తిడి సున్నా. పక్కన పచ్చ దీపం. తలుపు తీయవచ్చు.

ముల్లు మీటరు మీద ముల్లు మూడు దగ్గర్నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ ఒకసారి ముల్లుని, ఒకసారి స్క్రీన్‌ని చూశాడు. తాళంచెవి ఉన్న జేబుని చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఇందాకటి వెటకారం ఆయన మొహంలో లేదు.

"ఇది పాత అంకె చూపిస్తూ ఆగిపోవడం కాదు," అన్నాడు టెస్టర్ నెమ్మదిగా. "ఆగిపోతే మూడు చూపించాలి. దీనికి ఎవరో సున్నా అని చెబుతున్నారు."

తన పాత లాప్‌టాప్ తెరిచి నెట్‌వర్క్ పెట్టెకి కలిపాడు. రంధ్రాలన్నీ నిండిపోయి ఉన్నాయి, పనికిరాని ప్రింటరు తీగ ఒకటి పీకి దాని చోట తన తీగ పెట్టాడు. ఆ పెట్టెకి కలిసిన ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది. ఆ నంబరుని పిలిచి ఉన్నావా అని అడగొచ్చు. బతికుంటే జవాబిస్తుంది. కంట్రోలర్ నంబరుని పిలిచాడు. ఉన్నానంది. పిలుస్తూనే ఉండమని లాప్‌టాప్‌కి చెప్పి, టెస్టర్ చెయ్యి చాచి కంట్రోలర్‌కి ఉన్న ఒక్కగానొక్క తీగ పీకేశాడు. తీగ కొస ఇన్‌స్పెక్టర్ అరచేతిలో పెట్టాడు.

"ఇప్పుడు కంట్రోలర్‌కి లోకంతో సంబంధం లేదు. అవునా?"

"అవును."

లాప్‌టాప్ మీద వరసలు ఆగలేదు. ఉన్నాను. ఉన్నాను. ఉన్నాను. స్క్రీన్ మీద సున్నా అలాగే ఉంది, పచ్చ దీపం కూడా. గోడ పెట్టెలో గొంతు నొక్కేసిన మనిషి పేరుతో ఇంకెవరో ఎక్కడినుంచో జవాబు చెబుతున్నారు. ఫోర్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

టెస్టర్ చెప్పింది తక్కువే. అదే నంబరుతో ఇంకో యంత్రం ఈ తీగల మీదకి వస్తోంది. అది రాగానే స్క్రీన్ తికమకపడి సంబంధం లేదంటుంది. తీగ పీకి పది లెక్కపెట్టి గుచ్చితే స్క్రీన్ మళ్లీ కొత్తగా పిలుస్తుంది, ఎవరు ముందు పలికితే వాళ్లే కంట్రోలర్ అనుకుంటుంది. ఇన్నాళ్లూ పది లెక్కపెట్టడం మందు అనుకున్నారు. ఆపరేటర్‌ని అబద్ధం చేతిలో పెట్టింది ఆ మందే.

"ఎవడు వాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తీగలు చెబుతాయి."

నెట్‌వర్క్ పెట్టె తీగలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. మొదటిది, జవాబు వస్తోంది. రెండోది, వస్తోంది. మూడు, నాలుగు, వస్తోంది. అయిదోది పీకగానే వరసలు ఆగిపోయాయి. స్క్రీన్ మీద ఎర్రపెట్టె లేచింది. తీగకి అంటించిన చీటీ మీద సిరాతో రాసి ఉంది. పైగది, మూడో బల్ల.

అది చదువుతున్నప్పుడు టెస్టర్ మనసులో పెన్సిల్ రాత మళ్లీ కనబడింది. మూడు వారాలంటే పనిరోజులు పద్దెనిమిది. వరసలు పదహారు. రెండు రోజులు లేవు. అమ్మాయి పరీక్షకి వెళ్లిన రెండు రోజులు. శుక్రవారం నుంచి నిన్నటిదాకా స్క్రీన్ బుద్ధిగా ఉంది. సెలవు పెట్టిన రోజులు. ఇవాళ మళ్లీ మొరాయించింది. ఇవాళ ఆమెను రమ్మన్నది ఎవరు? పంపకండి సార్ అని ఊచలు పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. ఆ మనిషి సిగ్గుపడి అనలేదు. లాకప్‌లో కూర్చుని, ఏ తీగా పీకకుండానే, ఈ లెక్కంతా చేసేశాడు.

టెస్టర్ ఆ చీటీ మీద బొటనవేలు పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే చదివేశాడు.

*

మెట్లు పద్దెనిమిది. అన్ని మెట్లలోనూ టెస్టర్‌కి చెప్పడానికి ఒక్క అబద్ధం దొరకలేదు. వెనక ఇన్‌స్పెక్టర్ బూట్లు, ఇంకా వెనక, కబురు విని వచ్చిన మేనేజర్ చెప్పులు.

పైగదిలో నాలుగు బల్లలు. మూడో బల్ల దగ్గర అమ్మాయి కూర్చుని ఉంది. మూత పెట్టిన భోజనం డబ్బా పక్కన, పరీక్ష పుస్తకం మీద లాప్‌టాప్. దాని మీద కుండ బొమ్మ, అచ్చం కింద ఉన్న స్క్రీన్ మీదిలాగే. బొమ్మ పక్కన ఒత్తిడి సున్నా, పచ్చ దీపం. అలికిడికి ఆమె తల తిప్పింది.

"నెట్ పోయింది సార్. కింద తీసింది మీరేనా?" అంది. తర్వాత వాళ్ల మొహాలు చూసి లేచి నిలబడింది. "దొరికాడా?"

టెస్టర్ నోరు తెరిచేలోపు ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. ఈ బొమ్మేంటమ్మా అని అడిగాడు. ఆగమ్మా అని టెస్టర్ అనబోయాడు, అంతలోనే ఆమె చెప్పడం మొదలుపెట్టేసింది. తండ్రి మీద కేసు కొట్టేయించడానికి పనికొస్తుందేమోనని వివరంగా చెప్పింది.

"నాన్న కుండ సార్ ఇది. మిగిలిన పేపరుకి ప్రాక్టీసు కోసం కంట్రోలర్ ప్రోగ్రాము మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేసుకున్నాను. నాలుగు వారాలవుతోంది. నీ కుండ నా బల్ల మీద ఆడుతోంది నాన్నా అంటే ఎంత మురిసిపోయాడో. రోజూ తినొచ్చాక కాసేపు నడుపుతాను, ఇవాళ నాన్నకి పనికొచ్చేదేమైనా కనబడుతుందేమోనని తెరిచాను. ఇందులో ఆవిరి ఉండదు కదా, ఒత్తిడి ఎప్పుడూ సున్నానే. అప్పుడే ఆఫీసు ఫైళ్ల కోసం ఈ తీగ పెట్టుకుంటాను..."

ఆమె చెయ్యి తీగ వైపు వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. చదువుకున్న పిల్ల. ఉన్నదున్నట్టు కాపీ చేస్తే దానితోపాటు నంబరు కూడా వస్తుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కళ్లు లాప్‌టాప్ మీది సున్నా దగ్గరికి వెళ్లాయి. మళ్లీ రాలేదు.

తలుపు దగ్గర మేనేజర్ గట్టిగా ఊపిరి వదిలాడు. తలుపుకి చెక్క బిరడా, మేకుకి తాళంచెవి, ఏడు నెలల గడియ, వీటన్నిటికీ తను జవాబు చెప్పాల్సిన పని తప్పిపోయినట్టుంది ఆయన మొహం. కంపెనీ నెట్‌వర్కులో అనుమతి లేకుండా ఇలాంటివి నడపకూడదని రాతపూర్వకంగా ఉందన్నాడు. ఆ ఫ్యాక్టరీలో రాతపూర్వకంగా ఉన్నది అదొక్కటే. మిమ్మల్ని కూడా వదలనని ఇన్‌స్పెక్టర్ అన్నాడు గానీ, ఆ కేసులు ఏళ్లతరబడి సాగుతాయని గదిలో అందరికీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. వంకర సంతకం ఉన్న కాగితం బయటికి తీసి, చాలాసేపు పట్టుకుని, మాట ఇచ్చినందుకు రెండుగా చించాడు. అమ్మాయి కోరుకున్నది అదే. అయిదుకి ఆమె తండ్రిని వ్యాను ఎక్కించరు. టెస్టర్‌కి ఆ చిరిగిన చప్పుడు విని ఏడుపొచ్చింది.

"మీవాళ్లు ఎవరైనా ఉంటే కబురు పెట్టుకోమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాతో రావాలి."

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. టెస్టర్ వైపే చూస్తోంది.

"నాన్నకి తెలుసా సార్?"

పద్దెనిమిదేళ్లు మీటర్లు, ముప్పై ఏడు కేసులు, ఏదీ అతనికి ఇప్పుడు సాయం రాలేదు.

"తెలుసమ్మా," అన్నాడు టెస్టర్. "మొదటి రోజు నుంచీ తెలుసు."

ఆమె తలూపింది. భోజనం డబ్బా సంచిలో పెట్టుకుంది, పుస్తకం అక్కడే వదిలేసింది. లాప్‌టాప్ మూయబోయి ఆగి, సాక్ష్యం కదా అలాగే ఉంచాలా అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.